చర్చి కప్పు మీద గుమ్మడికాయలు

ఆ రోజుల్లో మా వైపు కంపెనీ ఉద్యోగానికి ఉన్న గౌరవంలో సగం, లోపల ఏం తయారవుతుందో బయటివాళ్లకు తెలియకపోవడం వల్ల వచ్చిందే. పటాన్‌చెరు చుట్టూ జొన్నచేల మధ్య అప్పుడప్పుడే ప్రహరీగోడలు లేస్తున్నాయి. పొద్దున ఎనిమిదింటికి సైరను కూస్తే దున్నుతున్న ఎడ్లు కూడా ఒకసారి తలెత్తి అటు చూసేవి. డెబ్భయ్యో పడి సగానికి వచ్చిన ఆ కాలంలో, పంతొమ్మిదేళ్ల వయసులో, నేను అలాంటి ఒక కంపెనీలో ట్రైనీగా చేరాను. అక్కడ ఫైబర్ గ్లాసుతో నీళ్ల ట్యాంకులూ కూలర్ డబ్బాలూ చేసేవాళ్లు. గాజునూలుతో చేసిన చాపలాంటి దాన్ని పరిచి, దాని మీద ఘాటు వాసనేసే జిగురు పూసి ఆరబెడితే గంటలో రాయిలా బిగుసుకునేది. ఆ గాజుపొడి పడి ఒళ్లంతా ఒకటే దురద. (అమ్మ నాకు గజ్జి అనుకుని రెండు నెలలు వేపాకు నీళ్లు పోసింది.) దురద సంగతి ఎలా ఉన్నా, మూడు నెలలు తిరిగేసరికి ఈ లోకంలో ఫైబర్ గ్లాసుతో చేయలేనిది అన్నం ఒక్కటే అన్న అభిప్రాయానికి వచ్చేశాను.

సరిగ్గా అప్పుడే మా ఊరి చర్చి కప్పు వానకు కారడం మొదలుపెట్టింది. కర్దనూరు దగ్గర చిన్న ఊరు మాది, అరవై మంది కూర్చుంటే నిండిపోయే చర్చి. గూనపెంకుల కప్పు. ఆ ఏడు వానాకాలంలో పాస్టరు అయ్యగారు ప్రసంగం చేస్తుంటే ఆడవాళ్లు చాపలు ఎత్తుకుని పొడిచోటు వెతుక్కుంటూ తిరిగేవారు. కమిటీ కూర్చుంది. కమిటీ అంటే అయ్యగారు, బడిపంతులు అయిన మా నాయన, నాకు వరసకు మామ అయ్యే ఒక రైతు. నాయన సంఘానికి పెద్ద. మామకేమో సొంతంగా నాలుగు ఎకరాలు, రెండు జతల ఎడ్లు, ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉండేవి. ఈ విషయంలో ఆయన అభిప్రాయం రేకులు. ఎప్పుడు అడిగినా రేకులే అనడంతో ఊళ్లో ఆయనకు రేకుల మామ అన్న పేరు స్థిరపడిపోయింది. నన్నెవరూ అడగలేదు. అయినా లేచి నిలబడి, కంపెనీలో పక్కన పడేసిన గాజుచాపలు ఇస్తామన్నారనీ, పాత మిషన్లు వచ్చిన పెట్టెల చెక్కలు ఉన్నాయనీ, పెంకులు దించి మిద్దెలాగా చదునైన కప్పు వేద్దామనీ చెప్పాను.

"గాజుతోని కప్పా? మనమేమన్న సీసాల సరుకులమా?" అన్నాడు రేకుల మామ.

నవ్వులు ఆగాక నాయన లేచాడు. బళ్లో ఎలా మాట్లాడతాడో చర్చిలోనూ అలాగే, ఒక్కో మాట విడివిడిగా, పిల్లలు పలక మీద రాసుకోవడానికి వీలుగా మాట్లాడేవాడు. "పోరడు పని నేర్సుకున్నడు. నేను పూచీ. రేపు కప్పుల ఏదన్న తేడా వచ్చి పీకేసుడు పడ్డదంటె, నేను ఈ పెద్దరికం ఇడిసిపెడ్త" అన్నాడు. నాయన జీవితంలో నా గురించి నలుగురిలో చెప్పిన మొదటి మంచిమాట అది. ఆ రాత్రి నాకు ఆనందంతో నిద్ర పట్టలేదు. ఆ ఆనందంలో ఆ మాటలోని రెండో సగం నా బుర్రకెక్కనే లేదు.

దసరా సెలవుల్లో పని మొదలైంది. కంపెనీలో మా పని చూసే ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు, హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఆయన పని నేర్పే పద్ధతి ఏమిటంటే, ఏం చేయాలో చెబుతాడు, ఎందుకో చెప్పడు. ఎందుకని అడిగితే బీడీ ముట్టించుకుంటాడు. నేను చర్చి పని సంగతి చెప్పగానే, "సుభా జల్దీ శురూ కర్. ఎండ రాకముందే ఖతమ్ గావాలె. ఇగ సూడు, గోడకు, కప్పుకు నడుమ నలుదిక్కుల ఏలెడు జాగా ఛోడ్నా. మీదికెల్లి పట్టీ. సమఝా?" అన్నాడు. చుట్టూ వేలెడు సందు వదిలి దాని మీద పట్టీ కప్పాలన్నంత వరకు అర్థమైంది, సమఝా అన్నాను. చల్లని పొద్దుటి పూట పెట్టెల చెక్కలు దూలాల మీద కొట్టి, గాజుచాపలు పరిచి, జిగురు పూసి, నాలుగు రోజుల్లో కప్పు పూర్తి చేశాను. నీళ్లు జారడానికి ఓ పక్కకు కొంచెం వాలు కూడా ఇచ్చాను. (ఆ పెట్టెల చెక్కల మీద, సామాను జాగ్రత్త అని చెప్పడానికి కాబోలు, కాడ ఉన్న గ్లాసు బొమ్మలు అచ్చు వేసి ఉన్నాయి. కింద నుంచి చూస్తే ఒక గ్లాసు సరిగ్గా అయ్యగారి తల మీదికి వచ్చింది. సారా మానమని ఆయన చెప్పినప్పుడల్లా కుర్రకారు పైకి చూసి నవ్వుకోవడంతో, నాయన నిచ్చెన వేసుకుని దానికి సున్నం కొట్టాడు.)

ఆఖరి రోజు నాయన పని చూడటానికి పైకొచ్చాడు. చుట్టూ ఓసారి తిరిగి, గోడ దగ్గర ఆగి, సందులో వేలు పెట్టాడు.

"గిదేంది? పని సగంల ఇడిసిపెట్టినవ్?"

"ఉస్తాద్ ఉంచుమన్నడు నాయనా."

"ఎందుకట?"

"తెల్వదు. దాని మీద పట్టీ వస్తది."

"ఎందుకో తెల్వని పని చేస్తరా ఎవలన్న? తేళ్లు దూరనీకా? పూడ్సు. పూడ్సి సాఫ్ చెయ్యి. మన రేకుల బావ వచ్చి ఏలు పెడ్తె, నీ పరువు కాదు, నా పరువు పోతది" అన్నాడు. ఆయన మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. మిగిలిన జిగురూ గాజుపీచూ కలిపి నాలుగు వైపులా సందును నున్నగా పూడ్చేశాను. కప్పు గోడల్లోకి అతుక్కుపోయి, అరచెయ్యి వేసి నిమిరితే ఎక్కడ గోడ అయిపోయిందో, ఎక్కడ కప్పు మొదలైందో తెలియలేదు. నాయన నా భుజం తట్టాడు. అదీ మొదటిసారే.

తర్వాతి ఆదివారం ఎండ బాగా కాసింది. పాటలు అయ్యాయి, ప్రార్థన అయింది, అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టి, "మనలో ఒక్కరన్న, నాల ఏ తప్పు లేదు అని గుండె మీద చెయ్యేసి చెప్పగలరా?" అని అడిగి, ఒక్క క్షణం ఆగారు. పైన 'ధభీ'మంది. పెద్ద ఖాళీ డ్రమ్మును ఎవరో కాలితో తన్నినట్టు ఒక్కటే చప్పుడు. అరవై తలలు పైకి లేచాయి. ముందు వరుసలో కూర్చునే అవ్వ ఒకామె, చెవులు సరిగ్గా వినబడవని ఎప్పుడూ చెప్పే మనిషి, చాప వదిలి తలుపు దగ్గరికి వెళ్లిపోయింది. అయ్యగారు తేరుకుని మళ్లీ మొదలుపెట్టారు. కాసేపటికి ఒక మబ్బు వచ్చి పోయింది. పైన మళ్లీ 'ధభ్', 'ధభ్'. ఆ రోజు ప్రసంగం పావుగంటలో ముగిసింది. (కుర్రాళ్లం కొందరం దాన్ని నష్టంగా భావించలేదన్నది వేరే సంగతి.)

ఇక చూడండి, ఊళ్లో ఎన్ని బుర్రలో అన్ని కారణాలు. కోతులన్నారు. కోతులైతే చేలల్లో ఉంటాయి గానీ ప్రసంగానికి ఎందుకొస్తాయన్నారు. పిల్లులన్నారు. దూరంగా క్వారీలో బండలు పేలుస్తున్నారని ఒకరంటే, ఆదివారం క్వారీకి సెలవని ఇంకొకరు. సాతాను అన్నది తలుపు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టిన అవ్వ. "రేకులేస్తె గిట్ల అవునా?" అన్నది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. నాకు మాత్రం, భయం సంగతి అటుంచి, ఆ చప్పుడు ఎక్కడిదో తెలుసుకోకపోతే అన్నం సహించేలా లేదు. రోజూ డ్యూటీ దిగగానే సైకిలు తొక్కుకుంటూ వచ్చి నిచ్చెన ఎక్కేవాణ్ణి. చెవి ఆనించి వినేవాణ్ణి. పిడికిలితో కొట్టి చూసేవాణ్ణి. సాయంత్రం పూట కప్పు బుద్ధిమంతుడిలా ఉండేది. ఆదివారం ప్రసంగం వేళకు కూడా పైకెక్కి, సరిగ్గా నడిమధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. కిక్కురుమంటే ఒట్టు. ఇక ఉండబట్టలేక కిందికి దిగాను. నా కాలు నేల మీద పడిందో లేదో, పైన 'ధభ్'! రెండు ఆదివారాలు వరుసగా అలాగే జరిగింది. నేనుంటే మోగదు, దిగితే మోగుతుంది. ప్రసంగం ఎగ్గొట్టడానికి నేనే ఏదో చేస్తున్నానని ఒక పుకారు కూడా పుట్టింది.

చివరికి కోతులో పిల్లులో తేల్చేద్దామని ఒక శనివారం సాయంత్రం అమ్మ పొయ్యిలోంచి బూడిద తీసుకెళ్లి కప్పంతా పలుచగా చల్లాను. ఆదివారం పొద్దున్నే ఎక్కి చూస్తే నిజంగానే అడుగులు ఉన్నాయి. మనిషి అడుగులు. ఎడమకాలి చెప్పు మడమ దగ్గర అరిగిపోయిన అచ్చు. గోడ వెంబడి నాలుగు వైపులా తిరిగి, అక్కడక్కడ వంగి కూర్చున్న గుర్తులు. ఆ చెప్పులు మా ఇంటి గడప దగ్గరే ఉంటాయి. తెల్లవారుజామునే నాయన ఒంటరిగా నిచ్చెన ఎక్కి, నలభై ఎనిమిదేళ్ల మోకాళ్లతో వంగి కప్పు చూసుకున్నాడన్న మాట. పెద్దరికం వదిలేస్తానన్న మాట అప్పటికి గానీ నాకు పూర్తిగా వినపడలేదు. బూడిద అంతా ఊడ్చేసి, కోతులూ లేవు, పిల్లులూ లేవని చెప్పాను. నాయన నా వైపు చూడలేదు.

మీకు సందేహం రావచ్చు, ఉస్తాద్‌ను అడగొచ్చు కదా అని. అడిగాను. ఆయన బీడీ పక్కన పెట్టి, "నలుదిక్కుల జాగా ఛోడా?" అన్నాడు. లేదంటే తిడతాడు, పైగా నాయన పేరు చెప్పాలి. "ఛోడా ఉస్తాద్" అన్నాను. "అయితె బిల్లీ" అన్నాడు. డాక్టరుకు అబద్ధం చెప్పి మందు తెచ్చుకున్న రోగిలాగా, ఆ పిల్లిని పట్టుకుని ఇంకో వారం వెతికాను. ఆయన ఆ ఒక్క ప్రశ్నే ఎందుకడిగాడా అని ఆలోచించే పాటి తెలివి నాకుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

అంతలో కోత పండుగ దగ్గరపడింది. మా సంఘంలో అది పెద్ద పండుగ. ఎవరి చేలో పండింది వాళ్లు తెచ్చి చర్చిలో పెడతారు. ఆరాధన అయ్యాక వాటికి హర్రాజు, అంటే వేలం, పాడతారు. ఈసారి సంగారెడ్డి నుంచి, చుట్టుపక్కల చర్చీలన్నీ చూసే పెద్దయ్యగారు వస్తున్నారు. ఆయన ముందు కప్పు మోగితే మర్యాద దక్కదనీ, పండుగలోగా చప్పుడు ఆగకపోతే సోమవారమే కప్పు పీకి రేకులు వేయాలనీ కమిటీ తీర్మానించింది. తీర్మానం చదివింది నాయనే. మూడు రోజుల ఉపవాస ప్రార్థన కూడా పెట్టారు.

ఆ ఏడు గుమ్మడి విరగకాసింది. శుక్రవారం సాయంత్రం నుంచే బండ్ల మీద కాయలు దిగడం మొదలైంది. లోపల పెడితే మనుషులకు చోటుండదు, బయట పెడితే మేకలు. "మిద్దె ఉన్నది గదరా, మీద పెట్టుండ్రి!" అన్నాడు రేకుల మామ, ఆ కప్పు గురించి ఆయన నోట వచ్చిన మొదటి మంచిమాటగా. నలభైకి పైగా గుమ్మడికాయలూ, మూడు బస్తాల మక్కకంకులూ పైకి చేర్చాను.

ఆదివారం పెద్దయ్యగారు గంటసేపు ప్రసంగించారు. ఎండ మండిపోతోంది, మబ్బులు వస్తున్నాయి, పోతున్నాయి. కప్పు కిమ్మనలేదు. ప్రసంగం సగానికి వచ్చేసరికి జనం ముఖాలు వెలిగిపోతున్నాయి. తలుపు దగ్గరి అవ్వ జరుగుతూ జరుగుతూ మళ్లీ ముందు వరుసకు చేరింది. ఆరాధన కాగానే రేకుల మామ నాయనను కౌగిలించుకుని, "గెలిచినవ్ సారూ! ప్రార్థన గెలిచింది!" అన్నాడు. నాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను కప్పెక్కి ముందు మక్కల బస్తాలు దించేసి, హర్రాజుకు ఒక్కో కాయా కిందికి అందిస్తున్నాను. ఆఖరి గుమ్మడికాయ చంకలో పెట్టుకుని నిచ్చెన దిగాను. కాలు నేలకు ఆనింది.

'ధభ్!'

హర్రాజు ఆగిపోయింది. అందరి ముఖాలు పాలిపోయాయి. నాకు మాత్రం, నిజం చెబుతున్నాను, ఎక్కడలేని సంతోషం పుట్టుకొచ్చింది. "దొరికింది! దొరికిందే!" అని అరుస్తూ, పాట పాడి కొనుక్కున్న వాళ్ల చేతుల్లోంచి గుమ్మడికాయలు లాక్కుని మళ్లీ పైకి మోయడం మొదలుపెట్టాను. పిల్లవాడికి మతి చలించిందని అమ్మ ఏడుపు అందుకుంది. పెద్దయ్యగారు మాత్రం, ఆయనకూ నాలాంటి రోగమే ఉన్నట్టుంది, పొడుగు అంగీ ఎత్తి నడుముకు దోపుకుని తానూ ఒక కాయ ఎత్తుకున్నారు. పదిహేను కాయలు పైకెక్కి నడిమధ్యకు చేరేసరికి కప్పు 'ధభ్'మని కిందికి కుంగింది. తీసేస్తే 'ధభ్'మని పైకి ఉబ్బింది. పెట్టి, తీసి, మూడుసార్లు చూపించాను. మోగింది కోతి కాదు, పిల్లి కాదు, సాతాను అసలే కాదు. కప్పు ఎండకు పెరుగుతోంది. నాలుగు వైపులా గోడలు బిగపట్టి ఉండటంతో పక్కకు పోయే చోటు లేక పైకి లేస్తోంది. మీద బరువుంటే లేవదు. అందుకే నేను కూర్చుంటే ఊరుకుంది, దిగితే మోగింది.

"బండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి ఎక్కిచ్చినట్టు" అన్నాడు రేకుల మామ అందరికన్నా ముందు అర్థం చేసుకుని. "కాలితె పెరుగుతది. కమ్మరోనికి ఎరుకనే." అవ్వకు మాత్రం గుమ్మడికాయల వల్ల ప్రార్థన ఓడిపోయిందన్న మాట నచ్చలేదు. "మరి కాయల్ని మీదికి ఎక్కియ్యాలె అన్న బుద్ధి ఎవలు పుట్టిచ్చిండ్రు?" అంది.

అంతా బాగానే ఉండేది. కానీ రేకుల మామ వదలలేదు. "మరి పెరుగుతది అన్నప్పుడు జెర సందు ఇడవాలె గదా. ఇడవమని కంపెనీల చెప్పలేదా?"

"చెప్పిండ్రు మామా."

"మరి ఎవలు పూడ్సిండ్రు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. నేను నిజంగానే తడుముకున్నాను, ఇంతసేపూ కాయలు మోసి కమిలిన భుజాలు మరి. నాయన నాకు పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. నేను తల వంచుకుని, "నేనే. మరిచిపోయిన" అన్నాను. చెబుతూ చెబుతూ, తండ్రి పరువు కోసం నింద మోస్తున్న కొడుకును నేనని లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

"ఇగ గంతే. నేర్సింది మరిసిపోయేటోనికి కప్పు అప్పజెప్తిమి. పీకుండ్రి, రేకులేద్దం. పోరన్ని మల్ల ముట్టనియ్యద్దు" అన్నాడు మామ. కొందరు తలలూపారు.

"ఆగుండ్రి" అన్నాడు నాయన. ఎప్పటిలాగే, ఒక్కో మాట విడివిడిగా. కానీ ఈసారి మాట మాటకూ మధ్య చాలాసేపు పట్టింది. "వాడు మరిసిపోలేదు. సందు ఇడిసిపెట్టిండు. పూడ్సుమన్నది నేను. వాడు చెప్పబోయిండు, నేను ఇనలే. వానికి పని వచ్చు. నాకు రాదు. తప్పు నాది. ఇయ్యాల్టి సంది పెద్దరికం..."

ఆ మాట పూర్తి కాలేదు. ముప్ఫై ఏళ్లుగా ఊరందరి తప్పులూ దిద్దిన మనిషి, పాట పాడుతుంటే రాగం తప్పినా ఆపి మళ్లీ పాడించే మనిషి, తప్పు నాది అనడం ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. అమ్మ కూడా. ఆమె ఏడుపు ఠక్కున ఆగిపోయింది. రేకుల మామ పెద్దయ్యగారి వైపు తిరిగి, "అయ్యగారూ, కప్పు సప్పుడు ఆగుడు గాదు, సారు తప్పు ఒప్పుకునుడు, గిది గదా అద్భుతం!" అన్నాడు. ముందు పెద్దయ్యగారు నవ్వారు, తర్వాత అందరూ. "పో సారూ, కూసో. పెద్దరికం ఇడుసుడు లేదు, గిడుసుడు లేదు. వచ్చే శనివారం పోరడు సందు కోస్తడు, నువ్వు నిచ్చెన పట్టుకో" అని మామే తీర్పు చెప్పేశాడు.

ఇంటికి నడుస్తుంటే నాకు సంతోషం ఎంతుందో ఉడుకుమోతుతనం కూడా అంతే ఉంది. అంత కష్టపడి మీదేసుకున్న నిందను ఆయన ఒక్క నిమిషంలో లాగేసుకున్నాడాయె. "నేనే అని చెప్పిన గదా నాయనా, ఎందుకు లేసినవ్?" అని అడిగాను. ఆయన ఆగి, చెప్పులో దూరిన రాయి దులుపుకుని, "నా లెక్క తప్పయితె, నీ పలక మీద సున్న పెట్టుకుంటనంటవేందిరా?" అన్నాడు. అంతే, మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

శనివారం సందు కోశాను, మీద పట్టీ వేశాను. ఉస్తాద్‌కు కూడా నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు, బీడీ ముట్టించుకున్నాడు. ఆ కప్పు తర్వాత చాలా ఏళ్లు నిలిచింది. ఇప్పుడక్కడ స్లాబు వేసిన పెద్ద చర్చి ఉంది.

ఆ రోజు లేచి నిలబడ్డ నాయన కంటే ఇప్పుడు నాకు ఇరవయ్యేళ్లు ఎక్కువ. ఎన్నో ట్యాంకులు చేశాను, ఎందరో కుర్రాళ్లకు పని నేర్పాను, వాళ్లలో కొందరి మాట వినిపించుకోకుండా నేను పాడుచేసిన పనులూ ఉన్నాయి. నలుగురిలో లేచి 'తప్పు నాది' అని ఎన్నిసార్లు అన్నానా అని ఈమధ్య ఒకరోజు లెక్క వేసుకున్నాను. ఒక చేతివేళ్లు సరిపోయాయి. పక్కనే కూరగాయలు తరుగుతున్న మా ఆవిడను అడిగితే, అంత చెయ్యి కూడా అక్కర్లేదంది.